మైపాడు ఒడ్డున నడవాలంటే: ఎప్పుడు, ఎటు, ఎలా

నెల్లూరులో మైపాడు గేటు దగ్గర తూర్పు రోడ్డు పట్టుకుంటే పాతిక కిలోమీటర్లలోపే సముద్రం. ఆదివారం సాయంత్రం అక్కడికి వెళ్లొచ్చిన వాళ్లను అడిగితే మొక్కజొన్న పొత్తులు, చేపల వేపుడు బండ్లు, సెల్ఫీలు, పార్కింగ్ దగ్గర గొడవ, అంతే చెప్తారు. ఆ జనమంతా రోడ్డు ఆగిపోయే చోటు చుట్టూనే ఉంటారు. అక్కడి నుంచి ఎడమకో కుడికో పావుగంట నడిస్తే చాలు, బీచ్ పోయి సముద్రం మిగులుతుంది. ఇసుక, సరుగుడు తోపులు, పైకి లాగిపెట్టిన పడవలు, ఎప్పుడన్నా వల భుజాన వేసుకుని పోయే మనిషి.

ఈ నడకకు బోర్డులు లేవు, దారి గుర్తులు లేవు, టికెట్టూ లేదు. ఎప్పుడు బయల్దేరాలో, ఎక్కడ వెనక్కి తిరగాలో చెప్పేవి మూడు: ఆటుపోట్లు, ఎండ, అక్కడి మత్స్యకారుల పని. వాటి టైమ్ కనుక్కుని మన టైమ్ పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. మన సెలవు చూసుకుని వెళ్లి, అక్కడంతా మనకు తగ్గట్టు సర్దుకోవాలంటే కుదరదు.

ముందు నెల, తర్వాత రోజు, ఆ తర్వాత గంట

నెల్లూరు జిల్లాకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుఫాన్లు ఎక్కువగా వచ్చేదీ అప్పుడే. ఆ నెలల్లో వెళ్లక తప్పదనుకుంటే ముందు రోజు రాత్రి వాతావరణ శాఖ హెచ్చరికలు చూడండి. కృష్ణపట్నం పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్త వచ్చిందంటే అది ఎన్నో నంబరు అని లెక్కలు వేయకుండా ప్రోగ్రాం మానుకోండి. అల్పపీడనం ఎక్కడో నడిసముద్రంలో ఉంటుంది, మన దగ్గర ఆకాశం నీలంగానే ఉంటుంది, అల మాత్రం మామూలుగా ఆగే చోట ఆగదు.

సంక్రాంతి వెళ్లాక ఫిబ్రవరి నెలాఖరు దాకా అసలైన కాలం. మార్చి సగం వరకు కూడా పర్వాలేదు. ఏప్రిల్, మే నెలల్లో నడవకూడదని కాదు కానీ అప్పుడు ఎనిమిదింటికల్లా నీడలో ఉండాలి. జనవరి మధ్యలో ఇక్కడ సూర్యోదయం 6.40 దరిదాపుల్లో, మే నెలాఖరులో 5.40కే. ఏ నెలలోనైనా అంతకు అరగంట ముందే ఇసుక మీద కాలు పెడితేనే ఆకాశం రంగులన్నీ దక్కుతాయి.

జనవరి 1, కనుమ, కార్తీక పౌర్ణమి, మాఘ పౌర్ణమి లాంటి రోజులు నడకకు పనికిరావు. కనుమకు నెల్లూరులో సగం మంది పెన్న ఒడ్డున ఏటి పండుగకు పోతే, మిగిలిన సగం ఇక్కడికే వచ్చినట్టు ఉంటుంది. పౌర్ణములకు సముద్ర స్నానాల రద్దీ. స్నానానికైతే ఆ రోజుల్లోనే రండి. నడకకైతే మంగళవారమో బుధవారమో సెలవు పెట్టుకోండి.

ఇక గంట సంగతి. దీన్ని చాలామంది పట్టించుకోరు. మన తీరంలో ఆటుపోట్ల తేడా పెద్దది కాదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా మీటరుకు అటూ ఇటూ ఉంటుంది. అయితే వాలు తక్కువగా ఉన్న ఇసుక మీద ఆ మీటరే నడిచే దారి మొత్తాన్ని మింగేస్తుంది. పోటు సమయంలో మీకు మిగిలేది పైనున్న పొడి ఇసుక మాత్రమే. అందులో కాలు మడమ దాకా దిగుతుంది. రెండు కిలోమీటర్లకే పిక్కలు పట్టేస్తాయి. ఆటు సమయంలో నీళ్లు వెనక్కి తీసి తడిగా, గట్టిగా ఒక పట్టీ బయటపడుతుంది. నడవాల్సింది దాని మీద.

పోటు రోజుకు రెండుసార్లు, ఆటు రెండుసార్లు వస్తాయి. ఈ టైములు రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంటాయి. అంటే ఈ ఆదివారం పొద్దున ఆరింటికి ఆటు ఉంటే, వచ్చే ఆదివారం అదే ఆరింటికి దాదాపు పోటు ఉంటుంది. 'పోయిన వారం ఎంత బాగుందో, ఈ వారం ఏందో కాళ్లు లాగేశాయి' అనేవాళ్ల సమస్య ఇదే. ఫోన్‌లో కృష్ణపట్నం టైడ్ టైమింగ్స్ వెతికితే పట్టిక దొరుకుతుంది. ఆటు టైముకు గంటన్నర ముందు బయల్దేరేలా చూసుకోండి. పోతున్నంతసేపూ నీళ్లు తగ్గుతుంటాయి, తిరిగొచ్చేటప్పటికి ఇంకా బాగా పెరిగి ఉండవు.

సిగ్నల్ లేకపోతే ఇసుకను చూడండి. అల వచ్చి ఆగే గీతకు పైన కూడా ఇసుక తడిగా ఉంటే నీళ్లు తగ్గుతున్నట్టు. అల వచ్చి పొడి ఇసుకను తడుపుతుంటే పెరుగుతున్నట్టు. ఐదు నిమిషాలు నిలబడితే తెలిసిపోతుంది.

చేరుకోవడం, సంచి సర్దుకోవడం

నెల్లూరు నుంచి ఆర్టీసీ బస్సులు, ఆటోలు ఉన్నాయి. సూర్యోదయానికి ముందే చేరాలంటే మాత్రం బస్సును నమ్ముకోవద్దు, బండి మీదే రండి. ఒడ్డునే టూరిజం వాళ్ల హరిత రిసార్ట్ ఉంది. రాత్రికి ఉండాలనుకుంటే గదుల సంగతి ముందే కనుక్కోండి. దారి ఇందుకూరుపేట, గంగపట్నం మీదుగా, ఎక్కువ భాగం వరి పొలాల మధ్య. గంగపట్నంలో చాముండేశ్వరి అమ్మవారి గుడి ఉంది, తిరుగు ప్రయాణంలో ఆగొచ్చు. బండిని ఇసుకలోకి దించకండి. దించినవాళ్లను ట్రాక్టరు పెట్టి లాగడం ఇక్కడ మామూలే.

రోడ్డు చివర వదిలాక కొట్లు ఉండవు. మనిషికి లీటరున్నర నీళ్లు, టోపీ, పొడుగు చేతుల నూలు చొక్కా, ఫోన్‌కు జిప్ కవర్, ఊరకుక్కలను అదిలించడానికి చేతిలో ఒక కర్ర చాలు. మీ చెత్త మీరే వెనక్కి తేవడానికి ఒక ఖాళీ సంచి కూడా పెట్టుకోండి.

చెప్పుల విషయం కాస్త వివరంగా చెప్పాలి. తడి ఇసుక మీద వట్టి కాళ్లతో నడవడం ఎంత బాగున్నా, పడవలు ఆగే చోట చెప్పులు వేసుకోండి. వలలో పడ్డ చిన్న చిన్న జెల్లలను, అమ్ముడుపోని వాటిని అక్కడే విదిలించేస్తారు. కాకులు, ఎండ కలిసి వాటిని ఒకటి రెండు రోజుల్లో ఎండుతోలు చేస్తాయి. కానీ వీపు మీది ముల్లు అలాగే నిక్కి ఉంటుంది. దాని అంచున రంపపు పళ్లుంటాయి కాబట్టి దిగేటప్పుడు తేలిగ్గా దిగి, వచ్చేటప్పుడు కండను పట్టుకుని వస్తుంది. పైన రెండు వేళ్ల మందం ఇసుక పేరుకుంటే కంటికి కనబడదు. గుచ్చుకుంటే మంచినీళ్లతో కడిగి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో పాదం పెట్టి, ఆ రోజే డాక్టరుకు చూపించి టీటీ ఇంజెక్షన్ సంగతి అడగండి. ఇలాంటి చోటికి వెనకాల పట్టీ ఉన్న పాత శాండల్స్ మేలు. స్పోర్ట్స్ షూలో ఇసుక నిండితే కిలోమీటరుకోసారి కూర్చుని దులుపుకోవాలి.

మొదటిసారైతే ఉత్తరం వైపు, గంటన్నర

సముద్రానికి ఎదురుగా నిలబడితే ఎడమ చేతి వైపు ఉత్తరం. కదిలే ముందు వెనక్కి తిరిగి ఊరిని ఒకసారి చూడండి. వాటర్ ట్యాంకు, టవరు, రిసార్ట్ బిల్డింగు, ఏది ఎత్తుగా కనిపిస్తే దాన్ని గుర్తు పెట్టుకుని ఒక ఫొటో తీసుకోండి. ఒక కిలోమీటరు పోయాక ఒడ్డంతా ఒకే రకం సరుగుడు చెట్లు. ఎక్కడ దిగామో తెలియదు.

వెనక్కి తిరగాల్సింది కాళ్లు నొప్పి పుట్టాక కాదు, వాచీ చూసుకుని. నలభై ఐదు నిమిషాలకు అలారం పెట్టుకోండి, మోగగానే తిరగండి. చల్లటి పొద్దున ఇంకాస్త పోదామనే అనిపిస్తుంది. ఆ ఇంకాస్తకు రెట్టింపు దూరం ఎండలో నడవాల్సింది మీరే. ఇసుక సముద్రం వైపు వాలి ఉంటుంది కాబట్టి వెళ్లేటప్పుడు కుడికాలు పల్లంలో పడుతుంది, వచ్చేటప్పుడు ఎడమకాలు. పోయిన దారినే తిరిగొస్తే మోకాళ్ల మీద బరువు సరిసమానం అవుతుంది. మోకాలి నొప్పులున్న పెద్దవాళ్లు ఏటవాలు తక్కువగా ఉన్న చోటే నడవాలి.

జనం గొంతులు వినబడనంత దూరం పోయాక ఓ రెండు నిమిషాలు కదలకుండా నిలబడండి. బొరియల్లోకి దూరిన ఎర్రపీతలు ఒక్కొక్కటే కళ్లు పైకి పెట్టి చూసి, మీరు కదలడం లేదని నమ్మకం కుదిరాక బయటికొస్తాయి. పిల్లల్ని తీసుకెళ్తే నడక సగం ఇక్కడే ఆగిపోతుంది, ఆగనివ్వండి. కాస్త పైన ఇసుక దిబ్బల మీద ఊదా పూల బాలబంద తీగ పాకి ఉంటుంది. దాని పక్కనే రావణాసురుడి మీసాల గడ్డి. ఆ గడ్డి కాయలు ముళ్ల బంతుల్లా గాలికి దొర్లుకుంటూ పోతుంటాయి. ఫొటో కోసం దిబ్బలెక్కి తొక్కకండి. ఎగిరే ఇసుకను పట్టి ఉంచేవి ఆ తీగలూ ఆ గడ్డే.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రుళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. పొద్దున్నే నీళ్ల నుంచి పైకి, మళ్లీ పై నుంచి నీళ్లలోకి చిన్న ట్రాక్టరు టైరు పోయిన జాడ లాంటిది కనిపిస్తే అది తాబేలు నడిచిన గుర్తు. గూడుకు సుమారు వంద గుడ్లు, పిల్లలు రావడానికి 45 నుంచి 60 రోజులు. తవ్వి చూద్దామని మాత్రం అనుకోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వీటిది మొదటి షెడ్యూలు, గుడ్లు ముట్టుకున్నా నేరమే. ఆ నెలల్లోనే చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేళ్లూ కనిపిస్తాయి. ఊపిరి కోసం పైకి రావాల్సిన జీవి ట్రాలర్ వలలో ఇరుక్కుంటే నీళ్లలోనే ఉక్కిరిబిక్కిరై చనిపోతుంది. పిల్లలు అడిగితే దాచకుండా చెప్పండి.

ఇంకా ఉత్తరానికి పోతే పెన్న సముద్రంలో కలిసే చోటు వస్తుంది. దాన్ని దాటి అవతల ఊటుకూరు వైపు పోదామన్న ఆలోచన పెట్టుకోకండి. వరద వచ్చినప్పుడల్లా అక్కడి ఇసుక మేటలు చోటు మారతాయి. వేసవిలో మోకాటి లోతే అన్నట్టు కనబడే నీళ్లు ఆటు మొదలయ్యే సరికి కాళ్ల కింద ఇసుకను లాగేస్తాయి. ఊటుకూరు, రామతీర్థం చూడాలంటే ఇంకో రోజు విడవలూరు మీదుగా రోడ్డున వెళ్లండి. రామతీర్థంలో సముద్రానికి దగ్గర్లోనే రామలింగేశ్వరుడి గుడి ఉంది. ఆ పక్క నడక అదొక దినం పని.

అలవాటయ్యాక దక్షిణంగా కొత్తకోడూరు

ఇది ఒకవైపు నడక. తోటపల్లిగూడూరు మండలంలోని కొత్తకోడూరు బీచ్ దాకా ఇసుకలో ఆగుతూ పోతే మూడు గంటలు పైనే పడుతుంది. తిరిగి నడవడం తెలివైన పని కాదు. ఇంట్లో ఎవరినైనా బండితో కోడూరు వైపు రమ్మని ముందే చెప్పండి, లేదా ఆటో మాట్లాడుకోండి. అక్కడ వేళాంగణి మాత చర్చి ఉంది కాబట్టి ఎక్కడ కలుసుకోవాలో చెప్పడం సులువు. ఒంటరిగా ఈ దారి వద్దు. ఇద్దరికి తగ్గకుండా వెళ్లండి, ఒకరి ఫోన్ లొకేషన్ ఇంట్లోవాళ్లకు షేర్ చేసి ఉంచండి. దూరాన లంగరేసి కనిపించే పెద్ద ఓడలు ఇంకా దక్షిణాన ఉన్న కృష్ణపట్నం పోర్టు కోసం ఆగినవి.

దారిలో కాలవలు, మురుగు డ్రైన్లు సముద్రంలో పడే చోట్లు తగలొచ్చు. వాన పడ్డాక వీటి లోతు చూసి చెప్పలేం. అక్కడ వల బాగు చేసుకుంటున్న మనిషిని అడగడమే పద్ధతి.

"అన్నా, ముందర కాలవ దాటొచ్చా?"

"ఇప్పుడైతే మోకాటి లోతే. పొద్దెక్కితే పోటు తగల్తాది, నడుం దాకా వస్తాది. తిరిగి ఇటే రావాలంటే మాత్రం పోబాకండి."

ఇలాంటి జవాబు వస్తే దానికి మీ లెక్కలు కలపకండి. ఆయన వద్దన్నాడంటే వద్దనే. తోపుల మధ్య నుంచి ఊళ్లోకి పోయే బాటలు కనిపించినప్పుడల్లా గుర్తు పెట్టుకుంటూ పోతే, నడవలేనప్పుడు రోడ్డెక్కడానికి పనికొస్తాయి.

వాళ్ల పని చోట మన నడక

పట్టపుపాలేల (మత్స్యకారుల పల్లెల) దగ్గర ఒడ్డు అంటే వాళ్లకు పొలం, కళ్లం, గోడౌను అన్నీ. పరిచిన వల మీద కాలు వేయకండి, దాటకండి. పడవ ఎక్కి కూర్చుని ఫొటోలు దిగకండి. దాని ముందు భాగాన పసుపు కుంకుమ పెట్టి ఉంటుంది, చెప్పు కాలు ఆనిస్తే ఊరుకోరు, ఊరుకోవాల్సిన పనీ లేదు. ఎండుచేపలు ఆరబెట్టే ఆడవాళ్లను అడగకుండా ఫోన్ ఎత్తొద్దు. తెల్లవారుజామున ఊరికి ఆనుకున్న ఒడ్డు మీద కొందరు వాళ్ల అవసరాలకు వస్తారు. అక్కడ నిలబడకుండా, అటు చూడకుండా తల దించుకుని గబగబా దాటిపోండి.

అలివి వల లాగుతుంటే మాత్రం తొందర పడకండి. పడవ వలను లోపలికి తీసుకెళ్లి అర్ధచంద్రాకారంలో వదిలి వస్తుంది. రెండు కొసల తాళ్లూ ఒడ్డున రెండు గుంపుల చేతిలో ఉంటాయి. గుంపుకు అంత దూరాన గుంపు, ఒకే ఊపులో వెనక్కి వాలి లాగుతూ, మెల్లమెల్లగా ఒకరి వైపు ఒకరు జరుగుతారు. చివరికి చేరినవాడు తాడు వదిలి, నీళ్ల దగ్గరికి ఉరికి మళ్లీ ముందు పట్టుకుంటాడు. బిగిసిన తాడును దాటొద్దు. లాగేవాళ్ల వెనక నుంచి, ఊరి వైపుగా చుట్టి పోండి. ఓ చెయ్యి వేయమని పిలిస్తే వేయండి, పిలవకపోతే అడ్డు పోకండి. వల సంచి ఒడ్డుకు చేరేసరికి నెత్తళ్లు, కవళ్లు తెల్లగా ఎగిరిపడుతుంటాయి, పైన గద్దలు, పక్కన కొంగలు, గంపలతో ఆడవాళ్లు, అప్పటికప్పుడు వేలంపాట మొదలు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మర పడవల వేట బంద్. ఆ రోజుల్లో పడవలన్నీ పైన ఉంటాయి. మగవాళ్లు చెట్ల కింద వలలు అల్లుకుంటుంటారు. కబుర్లకు తీరిక దొరికేది కూడా అప్పుడే. చేపల మీద ఆశతో మాత్రం ఆ రెండు నెలల్లో రాకండి.

నీళ్లలోకి దిగే ముందు

మోకాళ్ల దాకా అయితే ఏం కాదు అనే మాట ఇక్కడ పనికిరాదు. అడుగున ఇసుక ఒకచోట మేట వేసి, రెండడుగుల అవతల గుంటగా ఉంటుంది. ఇరువైపులా అలలు విరుగుతూ మధ్యలో ఒకచోట మాత్రం విరగకుండా, నీళ్లు మట్టి రంగులో లోపలికి పోతున్నట్టు ఉంటే అది లాగుడు ఉన్న చోటు. ప్రశాంతంగా కనబడుతుందని చాలామంది అక్కడే దిగుతారు. లాగేస్తే ఒడ్డుకు ఎదురీదొద్దు, అలిసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తప్పాక బయటికి రండి. ఈత రాని వాళ్లు చీలమండ దాటనివ్వొద్దు. మందు తాగినవాళ్లు అదీ వద్దు. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంట దూకకుండా కేకలేసి పడవలవాళ్లను పిలవండి, ఖాళీ క్యానో ట్యూబో విసరండి, 112కో 108కో ఫోన్ చేయించండి.

2004 డిసెంబరు 26 సునామీ ఈ తీరాన్ని కూడా తాకింది. సముద్రం ఎప్పుడూ లేనంత వెనక్కి పోయి అడుగు నేల బయటపడితే గవ్వలేరుకోవడానికి పోకుండా తోపులు దాటి ఊరి లోపలికి పరుగెత్తాలని పిల్లలకు కూడా చెప్పి ఉంచండి.

ఎండెక్కాక కాలవ గట్టు

ఒడ్డున పని అయ్యాక ఇంకా ఓపిక ఉంటే బకింగ్‌హామ్ కాలువ దగ్గర ఆగండి. నెల్లూరు నుంచి వస్తుంటే మైపాడు చేరకముందే రోడ్డు దీన్ని దాటుతుంది. మద్రాసుకు ఉత్తరాన 1806లో మొదలైన తవ్వకం కొంచెం కొంచెంగా పైకి సాగింది. 1876–78 కరువులో జనానికి పని కల్పించడానికి మరికొంత తవ్వించి కలిపారు. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ పేరు పెట్టారు. ఉప్పు, కట్టెలు, ధాన్యం పడవల మీద మద్రాసుకు పోయిన దారి ఇది. ఇప్పుడు ఎక్కువగా కొంగలు, లకుముకి పిట్టలదే రాజ్యం.

గట్టు మీద నడవండి కానీ పక్కనున్న రొయ్యల గుంటల కట్టల మీదికి ఎక్కకండి. చుట్టూ వల కంచె, పైన తీగలు కట్టింది పీతలు, పక్షులు ఒక గుంట నుంచి ఇంకో గుంటకు వైరస్ మోసుకొస్తాయన్న భయంతో. మీ కాళ్లూ వాళ్లకు అంతే ప్రమాదం. గుంట నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లకు వేసిన కరెంటు వైర్లు కట్టల మీదే ఉంటాయి, కాపలా కుక్కలు సరేసరి.

చేపలు కొనుక్కుని వెళ్లాలంటే

పడవలు వచ్చే టైము ముందు రోజే అడిగి పెట్టుకోండి. ఒడ్డున పాట కుప్పల లెక్కన, వ్యాపారుల మధ్య వేగంగా అయిపోతుంది. అందులో దూరకుండా, పాట పాడుకున్న వాళ్ల దగ్గరే రెండు కిలోలు అడగండి. చందువా, వంజరం కావాలంటే ధర నెల్లూరుకు పెద్ద తేడా ఉండదు. కానాగంతలు, కవళ్లు, నెత్తళ్లకైతే ఇక్కడే లాభం. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, కన్ను ఉబ్బెత్తుగా ఉండాలి, వేలితో నొక్కితే పడ్డ గుంట వెంటనే పూడాలి. బండిలో అయితే డబ్బాలో ఐసు వేసుకుని రండి. బస్సులో అయితే రెండు కవర్లలో కట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టి కాళ్ల దగ్గర ఉంచుకోండి. నీళ్లు కారితే కండక్టరు కంటే ముందు పక్క సీటు ఆమె లేస్తుంది.